పాకశాలలో సత్యాన్వేషణము: రెక్స్ స్టౌట్ జీవితము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి గావించుకొని రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున, సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్రము వ్రాసి ఇమ్మని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయదగినవారు నాకంటె సమర్థులు మన యూరిలోనే కలరు. నేను జమాఖర్చులు వ్రాసికొని జీవించువాడను. అందుచేత, బడిపిల్లల పొదుపు సొమ్మునకు లెక్కలు వ్రాయు పద్ధతి నొకదానిని కల్పించి ధనమార్జించి, ఆ ధనము పోయిన పిదప భోజనపు బల్ల చుట్టును కథలల్లి లోకప్రసిద్ధి గాంచిన ఒక అమెరికా దేశీయుని చరిత్రమును ఎన్నుకొంటిని. ఆయన పేరు రెక్స్ టాడ్‌హంటర్ స్టౌట్.

ఈ ఎన్నికకు మరియొక కారణము కలదు. అపరాధ పరిశోధక నవలలు గ్రంథాలయమున ఉండదగునా, ఉండరాదా అను వివాదము ఏ గ్రామ గ్రంథాలయమునకును క్రొత్త కాదు. అవి కాలహరణములనియు, పిల్లల మనస్సులను చెరచుననియు పెద్దలందురు. అవి లేనిచో చందా కట్టుటయే దండుగ యని యువకులందురు. రెండు పక్షములవారును స్టౌట్ జీవితమును ఒకమారు తెలిసికొనుట మేలు. ఆయన కథలలో హత్య ఒక నెపము మాత్రమే. వాని లోపల నున్నది అన్నము విలువ, అతిథి మర్యాద, వండి వడ్డించువాని మాటకు గల విలువ.

వంటకమును బట్టి నిజము కనుగొనుట మనకు వింత గాదు. ఆంధ్ర మహాభారతము అరణ్య పర్వమున నలోపాఖ్యానము చదివినవారికి దమయంతి నేర్పు జ్ఞాపకముండును. ఋతుపర్ణుని సారథియై, కురూపియై, బాహుకుడను పేర విదర్భకు వచ్చినవాడు నలుడా కాడా యని ఆమె తెలిసికొనవలసి వచ్చెను. ఆమె అంతఃపురము విడిచి పోలేదు. కేశిని యను చెలికత్తెను పంపి, అతడు నిప్పు రాజేయు విధమును, నీరు సమకూర్చుకొను విధమును, మాటలాడు తీరును చూచి రమ్మనెను. తుదకు అతడు వండిన వంటకము తెప్పించి రుచి చూచెను. రూపము మారినను చేతి రుచి మారలేదు. ఇల్లు కదలక కూర్చుండి, నమ్మిన మనిషిని పంపి, చిన్న చిన్న ఆనవాళ్లు పోగుచేసి, నాలుకతో నిజము తేల్చిన దమయంతియే మన వాఙ్మయమున మొదటి పరిశోధకురాలని నేను తలంతును. స్టౌట్ సృష్టించిన పరిశోధకుడును అచ్చముగా ఇట్టివాడే యగుట ముందు చెప్పబోవు కథ వలన తెలియగలదు.

స్టౌట్ 1886వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఇండియానా రాష్ట్రమునందలి నోబుల్స్‌విల్ అను ఊరిలో జన్మించెను. తల్లి లుసెట్టా, తండ్రి జాన్ స్టౌట్. వారిది క్వేకర్ అను క్రైస్తవ శాఖ. ఆడంబరము లేని జీవనము, యుద్ధ విముఖత, సర్వమానవ సమానత్వము ఆ శాఖవారి నియమములు. తొమ్మండుగురు సంతానములో మన కథానాయకుడు ఆరవవాడు. ఆయన పసితనముననే కుటుంబము కాన్సాస్ రాష్ట్రమునకు తరలిపోయెను. అది పొలములు, గాలులు, దూరదూరముగా నుండు ఇండ్లు గల దేశము. తండ్రి ఉపాధ్యాయుడు. ఆ ఇంట ధనము తక్కువ. అయినను వేయికి పైగా పుస్తకములుండెను. బాలుడు నాలుగేండ్లు నిండునప్పటికే బైబిలు రెండుమార్లు చదివెనని చెప్పుదురు. పదమూడేండ్ల వయస్సున వర్ణక్రమము తప్పక చెప్పు పోటీలో కాన్సాస్ రాష్ట్రమున కంతకును మొదటివాడుగా నిలిచెను. తండ్రి అలమారయే ఆయనకు విశ్వవిద్యాలయ మయ్యెను. నిజమైన విశ్వవిద్యాలయమున ఆయన నిలిచినది స్వల్పకాలమే.

ఇరువదవ యేట ఆయన అమెరికా నౌకాదళమున చేరెను. 1906 నుండి 1908 వరకు దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టుగారి విహారనౌక యగు మేఫ్లవర్ మీద వ్రాతకోతలు చూచు ఉద్యోగము చేసెను. ఆ కొలువు ముగిసిన పిమ్మట నాలుగేండ్ల పాటు ఆయన దేశద్రిమ్మరియై, ఆరు రాష్ట్రములలో, సుమారు ముప్పది రకముల పనులు చేసెనట. చుట్టల దుకాణమున గుమాస్తాగా గూడ నుండెను. ఇట్టి తిరుగుడు వ్యర్థమని లోకులందురు. కాని ఒకచోట కూర్చుండి కథలు వ్రాయవలసిన వానికి నలుగురి మాటతీరును చెవిని బడుట పెట్టుబడి వంటిది. స్టౌట్ కథలలో దుకాణదారు దుకాణదారువలెనే, బండి తోలువాడు బండి తోలువానివలెనే మాటలాడుటకు ఆ సంవత్సరములే కారణములు.

1912 నుండి కొన్నియేండ్లు ఆయన చౌక పత్రికలకు కథలు వ్రాసెను. నలుబదికి పైగా అచ్చయినవి. కాని అది కూలి వ్రాత. చేతిలో డబ్బు అయిపోయినప్పుడు వ్రాయుట, వచ్చినది తిని మరల వ్రాయుట. ఇట్లు వ్రాసినచో వ్రాత బాగుపడదని ఆయన గ్రహించెను. చాలినంత ధనము కూడిన దాక ఇక కలము పట్టరాదని నిశ్చయించుకొనెను. ఇట్టి నిశ్చయములు అనేకులు చేయుదురు, నిలుపుకొనువారు అరుదు. స్టౌట్ నిలుపుకొనెను.

1916 ప్రాంతమున ఆయనకు తోచిన ఉపాయము నావంటి లెక్కలవానికి మిక్కిలి ముచ్చట గొలుపును. బడిపిల్లలు కానీయో అర్ధణాయో కూడబెట్టిన రీతిగా, ఆ దేశపు పిల్లలు సెంట్లు తెచ్చి బడిలో దాచుకొనుట ఒక ఏర్పాటు. కాని ఇంత చిన్న మొత్తములకు ఇందరి పేర ఖాతాలు వ్రాయుట ఉపాధ్యాయులకు తలకు మించిన పని. ఆ భారము తగ్గునట్లు స్టౌట్ ఒక సులభమైన పద్ధతిని కల్పించి, అన్నతో కలసి దానిని నడపెను. దేశమున సుమారు 400 బడులు ఆ పద్ధతిని గ్రహించెను. వాడుకొన్నందులకు వచ్చు ప్రతిఫలముతో ఆయన ధనవంతుడయ్యెను. ఆ సంవత్సరమే ఫే కెనెడీ అను యువతిని వివాహమాడెను. 1920 తరువాత వ్యాపారము వదలి ఐరోపా దేశములలో తిరిగెను. తాను అనుకొన్న స్వాతంత్ర్యము లభించెను.

ఆ స్వాతంత్ర్యము ఫలముగా 1929లో మొదటి గంభీర నవల వెలువడెను. పండితులు మెచ్చిరి. కాని ఆ యేడే అమెరికా వాటాల బజారు కూలిపోయెను. స్టౌట్ కూడబెట్టినదానిలో అధికభాగము మునిగిపోయెను. లెక్క సరిగా వ్రాసినంత మాత్రమున ధనము నిలువదనుటకు ఇది ఒక నిదర్శనము. ఆ దెబ్బతో ఆయన క్రుంగిపోలేదు. న్యూయార్కు, కనెక్టికట్ రాష్ట్రముల సరిహద్దున ఒక గుట్ట మీద స్థలము సంపాదించి, 1930లో కొందరి సాయముతో తానే ప్రణాళిక గీచి ఇల్లు కట్టుకొనెను. దానికి ఎత్తైన పచ్చిక బయలు అను అర్థము వచ్చునట్లు హై మెడో అని పేరు పెట్టెను. వడ్రంగము నేర్చి, గృహోపకరణములు కొన్ని తన చేతనే చేసికొనెను. చుట్టును తోట వేసి కూరలు, పూలు పండించెను. మొదటి వివాహము విడిపోగా, 1932లో పోలా అను వస్త్ర రూపకల్పన నైపుణ్యము గల స్త్రీని పెండ్లాడెను. ఆమె వలన ఇద్దరు కుమార్తెలు కలిగిరి.

తోటపని వారి వంశములోనే యుండెను. ఆయన అక్క రూత్ స్టౌట్ 1884లో జన్మించి 1980 వరకు జీవించినది. నేల దున్నక, ఎరువు చల్లక, ఏడాది పొడవున మడులపై దట్టముగా ఎండుగడ్డి పరచి కూరగాయలు పండింపవచ్చునని తాను చేసి చూపి, 1955లో గ్రంథము వ్రాసి పేరుగాంచినది. నడుము నొప్పి లేని సేద్యమని ఆమె పద్ధతికి ప్రఖ్యాతి. గడ్డి కప్పిన నేల తేమను నిలుపుకొనును, కలుపు లేవదు, క్రుళ్లిన గడ్డియే ఎరువగును. మన రైతులలో కొందరు నేడు పొలమున ఆచ్ఛాదన పరచుచుండుటను చూచినప్పుడు ఆమె నాకు తలపునకు వచ్చును. అక్క భూమి నుండి కూరను తీసినది, తమ్ముడు కూర నుండి కథను తీసినాడు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. సంసారము పెరిగినది, ధనము లేదు. గంభీర నవలలు నాలుగు వ్రాసినను వానితో ఇల్లు గడువదని తేలెను. తాను గొప్ప కథకుడనే గాని మహాకవిని కానని స్టౌట్ తనను తాను తూచుకొనెను. ఈ తూకము వేసికొనగల రచయితలు బహు కొద్దిమంది. అట్లు తూచుకొని ఆయన అపరాధ పరిశోధక నవలకు పూనుకొనెను. 1934లో ఫెర్ డి లాన్స్ అను నవల వెలువడెను. అది ఒక విషసర్పము పేరు. అప్పటికి ఆయన వయస్సు 47 ఏండ్లు. మనలో చాలమంది ఇక క్రొత్తగా నేర్చునది లేదని చాప చుట్టుకొను వయస్సున ఆయన తన నిజమైన జీవితకార్యమును ప్రారంభించెను.

ఆ నవలలోని పరిశోధకుని పేరు నీరో వుల్ఫ్. జన్మచే మాంటెనిగ్రో దేశీయుడు. బరువు ఒక టన్నులో ఏడవ వంతు, అనగా సుమారు 130 కిలోలు. న్యూయార్కు నగరమున పడమటి 35వ వీధిలో అతని ఇల్లు. పని మీద ఇల్లు దాటి పోరాదని అతని నియమము. మేడ పైకప్పున అద్దపు గదులలో పదివేల ఆర్కిడ్ మొక్కలు పెంచును. ఉదయము 9 నుండి 11 వరకు, సాయంకాలము 4 నుండి 6 వరకు ఏ రాజు వచ్చినను మొక్కలను విడిచి క్రిందికి దిగడు. వంటవాడు ఫ్రిట్జ్ బ్రెనర్, స్విట్జర్లాండు దేశీయుడు. బయట తిరిగి సాక్ష్యములు తెచ్చువాడు ఆర్చీ గుడ్‌విన్ అను యువకుడు, కథ చెప్పువాడును ఇతడే. వుల్ఫ్ దమయంతి, ఆర్చీ కేశిని. వుల్ఫ్ రుసుము తీసికొని పనిచేయు వృత్తి పరిశోధకుడే గాని, అతని మనస్సు సగము వంటయింటిలోనే యుండును. ఏ ఆకు ఏ కూరలో ఎంత పడవలెనో ఫ్రిట్జ్‌తో వాదించును. ఒక్కొక్కప్పుడు తానే పొయ్యి దగ్గర నిలుచును.

ఆ ఇంటి భోజన నియమములు మన పెద్దల నియమములకు సన్నిహితములు. అన్నము ముందర వ్యవహారము మాటలాడరాదు. ఎంతటి హత్య జరిగినను బల్ల దగ్గర దాని ప్రసక్తి లేదు. భోజనవేళకు ఇంటనున్నవాడు ఎవడైనను, అతడు అనుమానితుడైనను, ఆకలితో పంపరాదు. అతిథిని గౌరవించుట వుల్ఫ్‌కు మతము వంటిది. తిండిని ప్రేమించువాడు తిండిపోతు మాత్రమే యని తలచుట పొరపాటు. శ్రద్ధగా తినువాడు శ్రద్ధగా వినును, శ్రద్ధగా చూచును. వుల్ఫ్ బుద్ధి అంతయు ఈ శ్రద్ధ యందే యున్నది.

ఇందుకు చక్కని ఉదాహరణము 1964లో వెలువడిన ఒక మొక్కజొన్న కథ. వుల్ఫ్ ఇంటికి వేసవిలో వారమునకు ఒకమారు లేత మొక్కజొన్న పొత్తులు ఒక తోట నుండి వచ్చును. అవి కోసిన మూడు గంటలలో ఇల్లు చేరవలెను. నీట ఉడికించిన రుచి పోవునని అతని మతము. పైదొప్పలతోనే మంచి వేడి పొయ్యిలో నలుబది నిముషములు కాల్చి, బల్ల దగ్గర ఒలిచి, వెన్నయు ఉప్పును మాత్రమే రాచి తినవలెను. ఒకనాడు పొత్తులు తెచ్చువాడు హత్య చేయబడెను. ఆనాడు వచ్చిన పొత్తులలో కొన్ని ముదురు, కొన్ని మరీ లేత. ప్రతి వారము కోయు చేయి ఇది కాదని వంటయింటి కంటికి తెలిసెను. రక్షకభటుల కంటికి అవి వట్టి పొత్తులు, వండువాని కంటికి అవి సాక్షులు. మన పల్లెలో జొన్నకంకి చూచి అది ఎవరి చేనిదో చెప్పగల ముసలివారున్నారు. వారెవరును ఈ కథకు ఆశ్చర్యపడరు.

1960లో వచ్చిన వేరొక కథలో ఫ్రిట్జ్ మానమే ప్రమాదమున బడెను. భోజనప్రియుల సంఘమొకటి ఏటేట చేయు విందుకు అతనిని వంటకు పిలిచిరి. పండ్రెండుగురు యువతులు వడ్డించిరి. విందారగించినవారిలో ఒకడు పాషాణము తిని మరణించెను. వంటలో విషము లేదు. వంటయింటికిని బల్లకును నడుమ నడచిన ఆ కొద్ది అడుగులలో ఒక పళ్లెమున విషము పడినది. ఆ పళ్లెమును మోసినదెవరు, అది చేతులు మారినదెట్లు? కథ యంతయు ఈ చిన్న ప్రశ్న మీద నడచును. పెండ్లివారి పంక్తిలో ఏ విస్తరిలో ఎవరు ఏమి వడ్డించిరో జ్ఞాపకము పెట్టుకొనుట ఎంత కష్టమో వడ్డించినవారికే తెలియును.

అయితే స్టౌట్ గ్రంథములలో నేను మిక్కిలి గౌరవించునది 1938లో వెలువడిన నవల. వంటవారు ఎక్కువైనారు అని దాని పేరునకు అర్థము. పెక్కుచేతులు పడిన పులుసు చెడునని ఆంగ్లేయులకు ఒక సామెత కలదు, ఆ పేరు దాని నుండి తీసినది. పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున కనావా అను ఆరోగ్యస్థానమున, ప్రపంచములో పేరుమోసిన పదునైదుగురు పాకశాస్త్రజ్ఞుల సంఘము సమావేశమగును. వారికి ఉపన్యసించుటకై వుల్ఫ్ తన నియమము తప్పి, రైలెక్కి పోవును. అతనికి మరొక ఆశయు కలదు. బెరిన్ అను వంటవాడు చేయు ఒక మాంసపు వంటకము రహస్యము ఎట్లైన సంపాదింపవలెనని కోరిక. అచట ఒక పరీక్ష జరుగును. తొమ్మిది గిన్నెలలో ఒకే సాస్ ఉండును. ప్రతి గిన్నెలో తొమ్మిది సంబారములలో ఒకటి లోపించి యుండును. నిపుణులు ఒక్కొక్కరు లోనికి పోయి, రుచి చూచి, ఏ గిన్నెలో ఏది లేదో వ్రాయవలెను. ఈ పరీక్ష నడుమ, ఆ సాస్ చేసినవాడే కత్తిపోటున మరణించి యుండెను.

బెరిన్ వ్రాసిన జాబితాలో తప్పులు ఎక్కువ. అంతటి నిపుణుడు రుచి చెప్పలేకపోయెనన్న మనస్సు చెదిరి యుండవలెను, చెదరుటకు కారణము హత్యయే యని అధికారులు అతనిని పట్టుకొనిరి. నాలుకయే సాక్ష్యమైనది, నాలుకయే నేరము మోపినది. గిన్నెల వరుస మారినదేమో యని ఆలోచించువాడు వుల్ఫ్ ఒక్కడే. తప్పు మనిషిలో నున్నదా, కొలతలో నున్నదా యని ముందు చూడవలెనను న్యాయము లెక్కలు వ్రాయువారందరును ఎరిగినదే. అంకణము కుదరనప్పుడు గుమాస్తాను అనుటకు ముందు తూకపురాయిని చూడవలెను.

ఆ నవలకు గుండెకాయ యనదగిన భాగము ఇంక ముందున్నది. ఆ ఆరోగ్యస్థానమున వండువారు, వడ్డించువారు నల్లజాతివారు. ఆనాటి దక్షిణ రాష్ట్రములలో వారికి తెల్లవారితో సమానమైన బడి లేదు, బండి లేదు, న్యాయస్థానము లేదు. వారిలో ఎవడో ఏదో చూచినాడని వుల్ఫ్‌కు తెలియును. ఊరి అధికారి గదిమి అడిగెను, నోరు విప్పలేదు. ఎందులకు విప్పుదురు? చెప్పినవాడే చిక్కునబడుట వారికి అనుభవము. వుల్ఫ్ వారినందరిని రాత్రివేళ తన బసకు పిలిపించి, కూర్చుండబెట్టి, త్రాగుటకు పానీయము లిప్పించి, పేరు పేరున పలుకరించి, సమానులతో మాటలాడినట్లు మాటలాడెను. బెదరింపలేదు, ఇచ్చకము లాడలేదు. జాతి చూచి నేరస్థుని కాపాడుటయు, జాతి చూచి నిరపరాధిని దండించుటయు ఒకే గోడకు రెండు ప్రక్కలని వారికి విశదపరచెను. చాలసేపటికి విప్పుల్ అను కళాశాల విద్యార్థి లేచి తాను చూచినది చెప్పెను. భోజనశాలలో సేవకుని దుస్తులు ధరించి నిలచినవాడు నల్లవాడు కాడు, ముఖమునకు మసి పూసికొన్న తెల్లవాడు. నేరము సేవకులపై పడునట్లు పన్నిన పన్నుగడ అది. గౌరవముతో అడిగిన ఒక ప్రశ్న దానిని చీల్చినది.

ఈ ఘట్టము 1938 నాటిదని మరువరాదు. ఆ నవలలోని కొన్ని పాత్రల నోట, కథ చెప్పు ఆర్చీ నోట సైతము, నల్లజాతివారిని కించపరచు మాటలు వచ్చును. నేటి చదువరికి అవి కటువుగా తోచును. ఆనాటి నోళ్లు అట్టివి. ఆ నోళ్ల నడుమ వుల్ఫ్ మర్యాద యెంత అరుదైనదో తెలియుటకు అవియు పనికివచ్చును. మరియు స్టౌట్ ఆ విప్పుల్‌ను మరచిపోలేదు. ఇరువదియారేండ్ల పిదప, 1964లో, అదే విప్పుల్ నడివయస్సు ఆచార్యుడై వేరొక నవలలో వుల్ఫ్ గడప ఎక్కును. అతని కుమారునిపై హత్యానేరము పడినది. ఆనాడు యువకుడుగా చెప్పిన నిజమునకు ఋణము తీర్చవలసినది ఇప్పుడు వుల్ఫ్. అమెరికాలో పౌరహక్కుల చట్టము వచ్చిన సంవత్సరము సరిగా అదియే. పాత ఖాతాను ఇంత నిజాయితీగా ముందు సంవత్సరమునకు తెచ్చి చెల్లు వేసిన కథకులు నాకు ఎక్కువమంది తెలియరు.

స్టౌట్ జీవితమంతయు కథలలోనే గడవలేదు. రెండవ ప్రపంచ యుద్ధము రాగానే కలము ప్రక్కన బెట్టి, రచయితల యుద్ధసంఘమునకు అధ్యక్షుడై పనిచేసెను. 1942, 1943 సంవత్సరములలో శత్రువుల రేడియో అబద్ధములను ఒక్కొక్కటే తీసి రేడియోలోనే ఖండించెను. 1940కిని 1946కును నడుమ వుల్ఫ్ నవల ఒక్కటియు రాలేదు, చిన్నకథలు మాత్రము వచ్చినవి. ఆ ఆవేశమున జర్మను జాతిని మొత్తముగా ద్వేషింపవలెనన్నంత దూరము పోయెను. దానిని మిత్రులే విమర్శించిరి. శాంతివ్రతులగు క్వేకర్ల ఇంట పుట్టినవానికి అది తగదని నాకును తోచును. పెద్దలలోని వాడి ఒక్కొక్కప్పుడు ఒర దాటును. అయినను రచయితల హక్కులకై, గ్రంథస్వామ్య చట్టమునకై, సంఘములకు నాయకుడై ఆయన చేసిన పాటు పెద్దది. 1958లో అపరాధ పరిశోధక రచయితల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. మరుసటి యేడు ఆ సంఘము తన అత్యున్నత గౌరవము నొసగెను.

1965లో వెలువడిన నవలలో ఆయన సాక్షాత్తు అమెరికా ప్రభుత్వపు కేంద్ర నేరపరిశోధక సంస్థతోనే తలపడెను. ఆ సంస్థను విమర్శించు పుస్తకము ప్రతులు పదివేలు కొని ఒక ధనవంతురాలు ఊరూర పంచును. ఆ తరువాత సంస్థ మనుష్యులు ఆమెను వెంటాడుదురు. ఆమె వుల్ఫ్‌ను ఆశ్రయించును. భోజనప్రియుల విందొకటి నెపముగా పెట్టుకొని వుల్ఫ్ ఆ సంస్థను ఎట్లు బుట్టలో వేసెనో చదివి ఆనందింపవలెనే గాని చెప్పరాదు. స్టౌట్‌పై ఆ సంస్థ రహస్యముగా పత్రములు కూర్చినదని తరువాత బయటపడెను. కథ వ్రాసినవానిని ప్రభుత్వము కనిపెట్టి యుండెనన్న కథకు బలము కలదన్న మాట.

ఆయన వ్రాయు పద్ధతి లెక్కలవాని పద్ధతియే. ఒక నవలకు సుమారు ఆరు వారములు. ప్రతిదినము నియమముగా కూర్చుండి వ్రాయును. వ్రాసినది తిరిగి దిద్దడు, మొదటి ప్రతియే తుది ప్రతి. సంవత్సరమున తక్కిన కాలము తోట, వడ్రంగము, సంఘసేవ. ఇట్లు 33 నవలలు, సుమారు 40 చిన్నకథలు వుల్ఫ్ పేర వెలువడెను. అభిమానులు వంటకముల వివరములు అడిగి వేధింపగా, 1973లో వుల్ఫ్ ఇంటి వంటల గ్రంథము కూడ అచ్చయ్యెను. తుది నవల 1975లో వచ్చెను. ఆ సంవత్సరమే అక్టోబరు 27వ తేదీన, తాను కట్టుకొన్న హై మెడో గృహముననే, 88వ యేట స్టౌట్ కన్నుమూసెను.

ఆయన వేసిన విత్తు వేరొక తోటగా పెరిగినది. 1982లో వర్జీనియా రిచ్ అను రచయిత్రి, వంట నేర్పరియగు పాటర్ అను వృద్ధ వితంతువును పరిశోధకురాలిగా నిలిపి, వంటల పాఠశాలలో హత్యలను గూర్చి నవల వ్రాసినది. నాటి నుండి వంటశాలలు, మిఠాయి దుకాణములు, విందుల ఒప్పందములు చేయువారి ఇండ్లు కథాస్థలములుగా, వంటచేయు గృహిణులే పరిశోధకులుగా ఎన్నియో నవలలు ఇంగ్లీషున వెలువడుచున్నవి. వానిలో రక్తపాతము తక్కువ, ఇరుగుపొరుగు ముచ్చట ఎక్కువ, నడుమ నడుమ వంటల విధానములు అచ్చు వేయుదురు. పోలీసులకు కనబడనిది పోపు పెట్టువారికి కనబడుట వాని యందలి చమత్కారము. వీనిలో అన్నియు గొప్పవి కావు. కాని వంటయింటి జ్ఞానమును జ్ఞానముగా ఎంచుట ఒక మేలు. విరాటుని కొలువున వలలుడను పేర గరిట పట్టిన భీమసేనుని చూచి అతడు వట్టి వంటవాడే యనుకొన్న కీచకుని గతి మనకు తెలియును.

ఇక మొదటి వివాదమునకు వచ్చెదను. అపరాధ పరిశోధక నవల యంతయు మంచిదని నేను వాదింపను. క్రౌర్యమును చూపి సొమ్ము చేసికొను పుస్తకములకు అలమారలో చోటీయకుండుట కార్యనిర్వాహకుల ధర్మము. కాని స్టౌట్ వంటివాని కథలు మూడు సంగతులు నేర్పును. చిన్న వస్తువును శ్రద్ధగా చూడుమని ఒకటి. నేరము మోపుటకు ముందు కొలతను సరిచూడుమని రెండవది. వడ్డించువాడు, ఊడ్చువాడు, బండి తోలువాడు చూచినది దొర చూచినదానికంటె తక్కువ కాదని, అతనిని గౌరవముతో అడుగుమని మూడవది. ఈ మూడవది నేర్పలేని శాస్త్రములు కొన్ని కలవు.

మన గ్రంథాలయమునకు చందా కట్టువారిలో భూములు గలవారును, లేనివారును ఉన్నారు. పుస్తకము తీసికొనునపుడు చిట్టాలో అందరి పేర్లును ఒకే వరుసలో, ఒకే సిరాతో వ్రాయబడును. ఆ వరుసయే గ్రంథాలయమునకు అలంకారము. ఇరువదియైదేండ్లు ఆ చిట్టా తప్పక నడచినది. ఇంకను ఏబదేండ్లు, నూరేండ్లు అట్లే నడచుగాక యని భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాను.